మూడు కూతలు

పొద్దున్నే పెట్టె మూడుసార్లు కూసింది.
తెర మాత్రం తెల్లారలేదు.

బాలరాట్‌లో జూలై. కారు అద్దం మీద మంచు
కొబ్బరి కోరులా పేరుకుంది.
ఆదివారం, నాకు బస్సు డ్యూటీ లేదు.
"ఇండియా వాడివి, కంప్యూటర్ రాదా నీకు?" అని
డిపోలో డారిల్ ఎప్పుడూ ఆటపట్టిస్తాడు.
నాకు గేర్లు తెలుసు, బ్రేకులు తెలుసు,
వెండూరీ మలుపులో చేతికర్ర ముసలాయన
సీట్లో కూర్చునేదాకా ఆగడం తెలుసు.

ఈ పెట్టె పక్కింటి గ్లెనిస్ గరాజ్‌లోంచి వచ్చింది,
ఇరవై డాలర్లకి, రెండు సీసాల నిమ్మకాయ ఊరగాయకి.
తర్వాత డాలర్లు వద్దని తిరిగిచ్చేసింది.
సీసాలు మాత్రం ఇవ్వలేదు.

కౌముది వచ్చింది. నోట్లో టూత్‌బ్రష్,
చేతిలో స్క్రూడ్రైవర్.
"మూడంటే మెమరీ నాన్నా,"
నురగ మధ్యనుంచి చెప్పింది,
నాడి పట్టకుండానే.

తీగ పీకి, పక్కరేకు జరిపితే
లోపల బూడిదరంగు దుప్పటి ముసుగుతన్ని
ఫ్యాను పడుకునుంది.
ఇంత దుమ్ము ఎవరిది?
మా తివాచీది కొంత,
అరుంధతి పోపులకి లేచిన ఘాటు కొంత.
అడుగున జిగట పొర మాత్రం గ్లెనిస్ సిగరెట్లది.
ఆవిడ మానేసి ఏడేళ్లట.
ఇది ఇంకా మానలేదు.

ఓ మూల కాళ్లు ముడుచుకుని
ఎప్పుడో ఎండిపోయిన సాలీడు.
కౌముది దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుంది.
ఎందుకని నేనడగలేదు.

ఊదబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది,
"తడి తగులుతుంది."
సరే, పెయింటు కుంచెతోనే దులిపాం.
మెమరీ పట్టీ ఊడదీసి
దాని బంగారు పళ్లు రబ్బరుతో తోమాం,
లెక్కల నోట్సులో తప్పులు చెరిపే రబ్బరే.
మళ్లీ దాని గాడిలో పెట్టి
రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కాం.
విరుగుతుందేమోనని నేను కళ్లు మూసుకున్నాను.

ఈసారి ఒక్కటే కూత.
తెర తెల్లారింది.

తేదీ: జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది.

లోపలి బిళ్ల బ్యాటరీ ఏనాడు చచ్చిందో,
గోడ కరెంటు ఉన్నన్నాళ్లూ బయటపడలేదు.
బ్యాంకు పేజీ తలుపు తియ్యనంది,
నీ గడియారం వెనకబడిందంది.

"దీని లెక్కలో నేనింకా పుట్టలేదు."
కౌముది కుర్చీలో వెనక్కి వాలి
ఆ సంగతిని కాసేపు చప్పరించింది.
"అప్పటికి అమ్మ తెలుసా నీకు?"

తెలీదు.
ఆ జనవరి ఎండలో మెల్‌బోర్న్‌లో
ఎవరిదో ట్యాక్సీ కడుగుతున్నాను,
గంటకింతని.
మీ అమ్మ ఎవరని అప్పుడు నన్నడిగినా
ఇప్పుడు ఈ పెట్టెనడిగినా ఒకటే.

కొట్టు తెరవడానికి ఇంకా రెండు గంటలుంది.
పిల్ల ఆగలేదు. వంటింట్లో త్రాసు బోర్లించింది.
అచ్చం అదే బిళ్ల, పాత రూపాయంత.
అరుంధతి పిండి చేతులతో వచ్చి నిలబడింది.
"రేపు కొత్తది తెస్తా," అన్నాను.
"నీ రేపు వచ్చేదాకా ఈ ఇంట్లో కేకు ఉజ్జాయింపే,"
అని లోపలికెళ్లి గిన్నె కొంచెం గట్టిగానే పెట్టింది.

తేదీ దిద్దే పని కౌముది నాకివ్వలేదు.
ఒక్కో నొక్కుకి ఒక్కో ఏడాది.
తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు...
పదమూడు దగ్గర వేలు ఆగింది.
నావైపు చూసింది. నేను చూడనట్టున్నాను.
మళ్లీ నొక్కింది.

రేకు బిగించాక ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో ఇద్దరికీ తెలీదు.
పెట్టె మాత్రం హాయిగా గురకపెడుతోంది.
స్క్రూని అగ్గిపెట్టెలో
సాలీడు పక్కన పడుకోబెట్టి
కేకు తినడానికి వెళ్లాం.
ఉప్పు ఎక్కువైంది.
ఎవరం పైకనలేదు.